పెళ్లికార్డు ఆఠీను ఏడు

హేమసుందర్ పేరు మీద అచ్చయిన విజిటింగ్ కార్డులు ఆర్నెల్లుగా బియ్యం డబ్బాలో ఉన్నాయి. పైన శుభ్రంగా చెరిగిన బియ్యం, అడుగున పాలిథిన్ కవర్లో చుట్టి రబ్బరుబ్యాండు వేసిన కార్డుల కట్ట. దాచింది వాళ్లమ్మ హైమవతి. కార్డు మీద కొడుకు పేరుంది, పేరు కింద అడ్వొకేట్ అనుంది. అంతవరకూ చూసి ఆవిడ కళ్లు చల్లబడ్డాయి. దాని కింద చిన్నక్షరాల్లో ‘క్రీడలు, జూదం చట్టాల కేసులు’ అనుంది. క్రీడల దగ్గర ఆపేసి ఉంటే ఆ కార్డుని తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టుకునేది. పక్కన జూదం వచ్చి కూర్చునేసరికి కట్ట బియ్యం అడుక్కి పోయింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? కుర్రాడు జూదం కేసులు వాదిస్తున్నాడనుకుంటారా, జూదం కేసులో ఇరుక్కున్నాడనుకుంటారా?

"అమ్మా, నా కార్డ్స్ ఎక్కడా కనబడ్డం లేదు," అని వాడు వారానికోసారైనా అడిగేవాడు.

"ప్రెస్సువాడు అసలు ఇచ్చాడంటావా? సరిగ్గా గుర్తు తెచ్చుకో నాన్నా," అనేది హైమవతి, ఆ డబ్బాలోంచే బియ్యం కొలుస్తూ.

ఢిల్లీ పాలం కాలనీలో వాళ్లది మేడ మీద రెండు గదుల వాటా. కింది వాటాలో లక్ష్మీకుమారి ఉంటుంది. గుడివాడ మనిషి, గొంతు పెద్దది. "మీవాడు ఏ కేసులు చూస్తాడు వదినా?" అని ఆవిడ అడిగినప్పుడు హైమవతి "స్పోర్ట్సు కేసులు వదినా," అని ఊరుకుంది. ఆ మాట పట్టుకుని లక్ష్మీకుమారి తన కొడుకు ఉదయ్‌కిరణ్‌ని పైకి తీసుకొచ్చింది. "వీడు క్యారమ్స్ బ్రహ్మాండంగా ఆడతాడు. మీ హేముతో చెప్పి స్పోర్ట్సు కోటాలో రైల్వే ఉద్యోగం ఏదైనా చూడమనండి వదినా." అప్పట్నించి ఆ తల్లీకొడుకులు మెట్ల మీద ఎదురైతే చాలు, హైమవతి బకెట్టు అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకునేది.

హేమసుందర్ జూనియర్‌గా చేరింది రాజగోపాల్ గారి దగ్గర. పాతికేళ్లుగా ఢిల్లీలో ప్రాక్టీసు, సొంతవూరు బాపట్ల. గుర్రప్పందాల వాళ్లు, లాటరీ టిక్కెట్ల వాళ్లు, కుస్తీ సంఘం ఎన్నికల్లో ఓడిపోయిన వాళ్లు, తిరనాళ్లలో రింగులు విసిరే ఆట పెట్టి పోలీసులకి దొరికిన వాళ్లు, అందరూ ఆయన దగ్గరికే వస్తారు. పటియాలా హౌస్ కోర్టులో ఆయన గది చూసొద్దామని హైమవతి ఒకసారి వెళ్లింది. గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది. ఎవరో పెద్దాయన పోయారు కాబోలని చెప్పులు విడిచి దణ్ణం పెట్టి తల ఎత్తింది. గుర్రం.

"కేసు గెలిపించిందమ్మా. మొన్న శ్రావణంలో పోయింది పాపం," అన్నారు రాజగోపాల్.

ఆ రోజే అనుకుంది, తన కొడుకు చేజారిపోతున్నాడని. లా పరీక్ష రెండుసార్లు తప్పినవాడు మూడోసారి పాసైతే కాశీ వస్తానని మొక్కుకుంది. పాసయ్యాడు, వెళ్లింది. కాశీలో ఇష్టమైన కాయో పండో వదిలెయ్యాలి కదా అని పొట్లకాయ వదిలేసింది. ఆవిడకి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పొట్లకాయంటే వెగటు. మెట్లు దిగి మూడు మునకలు వేశాక, విశ్వనాథుడికి ఈ సంగతి తెలియకుండా ఉంటుందా, నాతోనే ఆటలాడతావా అని పాసైనవాణ్ణి కూడా మళ్లీ తప్పిస్తే, అన్న భయం పట్టుకుంది. తడిబట్టలతో అక్కడే నిలబడి, తనకి నిజంగా ప్రాణమైనది వదిలేసింది. పేకాట. ఇక జన్మలో పేకముక్క ముట్టుకోనని నీళ్లు విడిచింది.

తల్లి పేక వదిలింది. కొడుకు పేక పట్టుకున్నాడు. విశ్వనాథుడి లెక్కలు ఆవిడకి అర్థం కాలేదు.

ఇదంతా ఒక ఎత్తు. డిసెంబరులో ఆ ఆదివారం జరిగింది ఒక ఎత్తు.

హైమవతి భర్త కోదండరామయ్య సుబేదారుగా రిటైరయి ఏడాదయింది. ఆ ఏడాదిలో వంటింట్లో పప్పుల డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం నిలబడ్డాయి. ప్రతి డబ్బాకీ నంబరు. పనిమనిషి కాంతమ్మకి రోజూ హాజరు. ఒకరోజు హైమవతి ఇంగువ అడిగితే "పదిహేడు," అన్నాడు అటకవైపు చూపించి. ఇట్లాంటి పరిస్థితుల్లో కంటోన్మెంటు పక్కన ఒక స్కూలువాళ్లు ఆయన్ని స్టోర్సు సూపర్‌వైజరుగా తీసుకున్నారు. ఫిబ్రవరి ఒకటిన చేరాలి. ఆ కాగితం వచ్చిన రోజున హైమవతి ఎవరికీ చెప్పకుండా పాయసం వండింది.

ఆదివారాలు ఆయన మాజీ సైనికుల తెలుగు సంఘం గదికి వెళ్లేవాడు. పిండిమర పైన ఒక్క గది అది. అక్కడ అయిదుగురు ముసలాళ్లు చాప పరుచుకుని పదమూడు ముక్కల రమ్మీ ఆడేవాళ్లు. పైసా పందెం లేదు. ఓడినవాడు మర్నాడు పొద్దున్నే అయిదిళ్ల స్టీలు క్యాన్లూ పట్టుకుని మదర్ డెయిరీ క్యూలో నిలబడాలి. ఢిల్లీ చలికాలంలో ఆ పందెం చిన్నదేం కాదు. ఆ ఆదివారం వీరరాఘవులు గారు షో చెప్పి గట్టిగా ఈల వేశారు. పక్కింటివాళ్లెవరో చెప్పినట్టున్నారు, మెట్లెక్కి పోలీసులు వచ్చేశారు. చాప, ముక్కలు, అయిదు ఖాళీ క్యాన్లు పట్టుకుపోయారు. మూడు ముక్కలాట ఆడుతున్నారని కేసు రాశారు.

సాయంత్రానికి జామీను మీద అందరూ ఇంటికొచ్చారు. హైమవతి గుమ్మంలోనే కూలబడింది.

"మిమ్మల్ని కొట్టారా?"

"టీ ఇచ్చారు."

"అందులో ఏమైనా కలిపారేమో! నాలిక చూపించండి."

"అమ్మా, టెన్షన్ మత్ లే," అన్నాడు హేమసుందర్. "పడితే చిన్న జుర్మానా, బస్. జైలూ గీలూ ఏం ఉండదు."

"జైలు లేకపోతే ఏం రా, చెడ్డపేరుండదూ? స్కూలువాళ్లు ఏం రాశారు కాగితంలో? ఏ కేసులోనూ శిక్ష పడి ఉండకూడదని రాశారు. చిన్న శిక్షయినా శిక్షే. ఈ మనిషి ఇంట్లోనే ఉండిపోతే నేనేమైపోవాలి?" అనేసి, అయ్యో అనుకుని, "అంటే, పాపం ఆయనకి తోచక," అని సర్దుకుంది.

మర్నాడు రాజగోపాల్ గారే ఇంటికొచ్చారు. పోలీసుల కాగితాలు చదివి మొదట్లో నవ్వారు.

"ఇది మూడు ముక్కలాట కాదు, రమ్మీ. రమ్మీ తెలివితో ఆడే ఆట, జూదం కాదు అని పెద్ద కోర్టు మన సికింద్రాబాదు క్లబ్బు కేసులో ఎప్పుడో చెప్పేసింది. ఈ కేసు పది నిమిషాల పని." పేజీ తిప్పారు. నవ్వు పోయింది. "ఇదేంటి? ‘వెనుక రహస్య లిపి, దేవుడి బొమ్మ గల దొంగ ముక్క ఒకటి.’ గుర్తుపెట్టిన ముక్కంటున్నారు కోదండరామయ్యా. గుర్తు ముక్కతో ఆడితే అది తెలివి కాదు, మోసం అవుతుంది. ఈ మేజిస్ట్రేటు మోసమంటే మండిపడతాడు. ఎవరు చేశారయ్యా ఆ ముక్క?"

వంటింటి గుమ్మంలో హైమవతి చేతిలోంచి గిన్నె జారి ఖంగుమంది.

ఆ ముక్క చేసింది తనే. పాతికేళ్లనాటి మాట. అస్సాంలో జోర్హాటులో ఉన్నప్పుడు రెండేళ్ల హేము ఆఠీను ఏడు నమిలి సగం మింగేశాడు. వాడి ప్రాణానికి ఏమవుతుందోనని రెండు రోజులు నిద్రపోలేదు. మూడో రోజున ముక్క బయటికొచ్చాక, పేకకి ఒకటి తక్కువైందే అన్న దిగులు మొదలైంది. అక్కడ కొత్త పేక ఎక్కడ దొరుకుతుంది? అప్పుడే చెల్లెలు సుభాషిణి పెళ్లి శుభలేఖ వచ్చింది. దాన్ని కొలత ప్రకారం కత్తిరించి, ఇటువైపు లక్కరంగుతో ఏడు ఆఠీన్లు వేసింది. అటువైపు సగం వినాయకుడు, ‘శ్రీరస్తు’, ‘సుముహూర్తమునకు విచ్చేసి’, మూలకి పసుపు. అదే ఆ రహస్య లిపి. ఆవిడ ఆట మానేశాక ఆ పేక భర్త చేతుల్లో సంఘం గదికి చేరింది.

"నన్ను పట్టుకెళ్లమనండి," అంది హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నేనే చేశాను. ఆయనకేం తెలియదు."

రాజగోపాల్ గారు కుర్చీలోంచి లేచారు. "మీరా! అయితే మీరు సాక్ష్యం చెప్పాలి హైమవతి గారూ."

"కోర్టుకా? నేనా? మా వంశంలోనే ఆ అలవాటు లేదండీ."

"ఆంటీలా మాట్లాడకు అమ్మా," అన్నాడు హేమసుందర్. "నువ్వు చేశావని నువ్వే చెప్పాలి. దట్స్ ఆల్."

"ఏ ఆంటీలా రా?"

"కింది ఆంటీలా."

ఆ మాట పని చేసింది. హైమవతి ఒప్పుకుంది.

కేసు జనవరి ఇరవైమూడుకి వేశారు. ఆ రోజు పొద్దున హైమవతి ఒక సంచి సర్దింది. అందులో కోదండరామయ్యకి రెండు బనియన్లు, ఒక మఫ్లరు, బీపీ మాత్రలు, సీసాలో ఆవకాయ, చెంచా ఉన్నాయి.

"ఇదెందుకు?" అన్నాడాయన.

"జైలుకి పంపితే అక్కడ కూరల్లో ఉప్పుండదట."

"జైలు లేదని వాడు చెప్పాడుగా."

"వాడు లా రెండుసార్లు తప్పాడండీ."

రెడ్‌లైన్ బస్సులో వెళ్లారు. ఆ బస్సువాళ్లు మనుషుల మీద నుంచి పోనిస్తారని పేపర్లో చదివింది కాబట్టి, దారంతా ముందు సీటు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంది. దిగాక చూస్తే కోర్టు ముందు లక్ష్మీకుమారి ఆటోలోంచి దిగుతోంది, వెనకాలే ఉదయ్‌కిరణ్.

"స్పోర్ట్సు కేసటగా వదినా! మా వాడు చూస్తే నాలుగు ముక్కలు నేర్చుకుంటాడని తీసుకొచ్చా. ఇదేంటి, అన్నయ్యగారు కూడా ఆడతారా?"

హైమవతికి అక్కడే నేల చీలితే బాగుండుననిపించింది.

మేజిస్ట్రేటు గది చిన్నది. ఫ్యాను లేదు, హీటరు ఉంది గానీ అది మేజిస్ట్రేటు కాళ్లకి మాత్రమే. అయిదుగురు మాజీ సైనికులూ వరసలో అటెన్షన్‌లో నిలబడ్డారు. "ఆరామ్ సే ఖడే రహియే," అని మేజిస్ట్రేటు మామూలుగా నిలబడమన్నా ఎవరూ కదలలేదు. కేసు పట్టిన ఎస్సై మీసాలు తిప్పుకుంటూ వచ్చి, లక్క సీలు వేసిన గుడ్డ మూట బల్ల మీద పెట్టాడు. కాగితాలు చదివే పేష్కారు సీలు విప్పాడు. ముక్కలు జారి బల్లంతా పరుచుకున్నాయి.

"ఇన్ని ముక్కలేమిటి?" అన్నాడు మేజిస్ట్రేటు. "మా ఇంట్లో దీపావళికి మూడు ముక్కలాట ఆడతాం. ఒక్క పేకే ఉంటుంది. ఇవి రెండు పేకలు."

"జనం ఎక్కువ సార్," అన్నాడు ఎస్సై.

"అయిదుగురేగా?"

"పెద్ద మనుషులు సార్."

రాజగోపాల్ లేచి రమ్మీ అన్నారు, సికింద్రాబాదు అన్నారు, పుస్తకం తెరిచి చూపించారు. మేజిస్ట్రేటు తల ఊపాడు. "ఆ తీర్పు నేనూ చదివాను వకీల్ సాబ్. రమ్మీయే అని ఒప్పుకుందాం. కానీ గుర్తు ముక్కతో ఆడితే అందులో తెలివి ఎక్కడుంది? ఆ ముక్క ఎవరు చేశారు?"

అలా హైమవతి బోనెక్కింది. ఇరవై ఆరేళ్లు మిలటరీ క్వార్టర్లలో పక్కవాళ్లతో మాట్లాడి నేర్చుకున్న హిందీలో జోర్హాటు కథ మొదలుపెట్టింది. మధ్యలో హేము నమిలేసిన సంగతి, ముక్క మూడో రోజున బయటికొచ్చిన సంగతీ చెప్తుంటే, పక్కన నల్లకోటులో నిలబడ్డ హేమసుందర్ నేలవైపు చూస్తూ ఉండిపోయాడు.

"యే వోహీ బచ్చా హై?" అన్నాడు మేజిస్ట్రేటు హేమసుందర్ వైపు వేలు చూపించి.

"జీ హుజూర్. ఇప్పుడు బాగానే అరుగుతోంది."

గది గొల్లుమంది. కోదండరామయ్య మాత్రం అటెన్షన్ వదల్లేదు.

ఎస్సై ముందుకొచ్చాడు. "హుజూర్, కథలు చెప్తున్నారు. ఈ ముక్క వెనకవైపు చూస్తే చాలు, ఏ ముక్కో తెలిసిపోతుంది. తెలిసినవాడు గెలుస్తాడు. ఇదే మోసం."

"ఆ ఒక్క ముక్క అందరికీ తెలుసు బాబూ," అంది హైమవతి. భయంలో ఆవిడకి ఎదురు ఎవరో కూడా గుర్తులేదు. "నువ్వు కూడా చూశావుగా. నీక్కూడా తెలుసు. తెలిసినంత మాత్రాన ఆడేస్తావా?"

"ఎందుకు ఆడను?"

ఆ ‘ఎందుకు ఆడను’ రాజగోపాల్ చెవిన పడింది. పాతికేళ్ల ప్రాక్టీసు ఆయన చేత గబుక్కున మాట్లాడించింది. "హుజూర్, అలాగైతే ఆడి చూపించమనండి. ఎస్సై గారు ఒకవైపు, మా సాక్షి ఒకవైపు. ఇవే ముక్కలు, ఆ గుర్తు ముక్కతో సహా."

మేజిస్ట్రేటు గడియారం చూసుకున్నాడు. బయట చలిగా ఉంది, గదిలో హీటరుంది, తర్వాతి కేసు వకీలు రాలేదు. "ఠీక్ హై. మాతాజీ, ముక్కలు తీసుకోండి."

హైమవతి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ముట్టుకోను హుజూర్."

"క్యోఁ?"

"కాశీలో వదిలేశాను."

రాజగోపాల్ నెత్తి పట్టుకున్నారు. ఎస్సై పళ్లు కనబడ్డాయి. "చూశారా హుజూర్, భయపడుతోంది."

మేజిస్ట్రేటు మాత్రం ముందుకి వంగాడు. "కాశీలో వదిలారా? ఏ ఘాట్‌లో?"

"కేదార్ ఘాట్‌లో."

"మా ఇల్లు ఆ పక్క గల్లీలోనే," అన్నాడు మేజిస్ట్రేటు. "కాశీలో వదిలింది ముట్టుకోమని ఈ కోర్టు చెప్పదు. కానీ నోటితో చెప్పొచ్చుగా? మీ వకీలు అబ్బాయి పట్టుకుంటాడు."

"వీడా!" అంది హైమవతి తెలుగులో. కొడుకు ఆటసంగతి ఆవిడకి తెలుసు. రమ్మీ తెలివైన ఆట అని కోర్టుల్లో వాదించి నెల జీతం తెచ్చుకునే వాడు ఇంట్లో ఏనాడూ ఒక్క ఆట గెలిచిన పాపాన పోలేదు.

పేష్కారు ముక్కలు కలిపాడు. ఎంత సులువుగా కలిపాడంటే, ఆయన ఆదివారాలు ఏం చేస్తాడో గదిలో అందరికీ తెలిసిపోయింది. చెరో పదమూడు పంచి, మిగతా కట్ట మధ్యలో బోర్లించాడు. బోను పక్కన స్టూలేసుకుని హేమసుందర్ కూర్చున్నాడు, ముక్కలు అమ్మకి కనబడేలా విప్పి పట్టుకుని.

"ఒరేయ్, విసనకర్రలా పట్టుకోకు, ఆయనకి కనబడతాయి! దగ్గరికి లాక్కో. వరసలన్నీ ఒకవైపు పెట్టుకో. అదేంట్రా, కళావరు పక్కన ఇస్పేటు పెడతావు? రంగులు తెలీవూ నీకు? ఆ జోకరు మధ్యలోకెందుకొచ్చింది?"

"అమ్మా, అందరూ వింటున్నారు."

"తెలుగు ఎవరికీ రాదులే."

వెనక బెంచీ మీంచి లక్ష్మీకుమారి "మాకొచ్చు వదినా!" అంది.

ఆట సాగింది. ఎస్సై ధీమాగా లాగాడు, విసిరాడు. హేమసుందర్ అమ్మ చెప్పింది లాగాడు, అమ్మ చెప్పకుండా ఆఠీను పది కింద పడేశాడు. ఎస్సై దాన్ని తీసుకోలేదు. తర్వాతి వంతులో హేమసుందర్ ఆఠీను ఎనిమిది పడేస్తే టక్కున తీసుకున్నాడు. ఆ తర్వాత కళావరు ఎనిమిది పడింది, తీసుకోలేదు. పైగా తన చేతిలో ఇస్పేటు ఎనిమిది తీసి పారేశాడు. హైమవతి పెదాలు కదుపుతూనే ఉంది, జపం చేసుకుంటున్నట్టు.

అప్పుడు ఎస్సై కట్టమీది ముక్క లాగాడు. దాని కిందనుంచి సగం వినాయకుడు బయటపడ్డాడు. కట్ట పైన ఇప్పుడు పెళ్లికార్డు ఉంది. గదిలో అందరి కళ్లూ దాని మీదే. ఎస్సై కళ్లయితే దానికి అతుక్కుపోయాయి. తనకి అక్కర్లేని ముక్క ఒకటి పడేసి, హేమసుందర్ లాగడం కోసం ఎదురుచూస్తూ మీసం దువ్వుకున్నాడు.

హేమసుందర్ చేతిలో అచ్చయిన అసలు ఆఠీను ఏడు ఒకటి ఉంది, ఏ వరసలోనూ కలవనిది. కింద పడేసిన ముక్క తీసుకుని ఆ ఏడు విసిరేద్దామని పైకి తీశాడు.

"వద్దురా! చంపేస్తావ్! లోపల పెట్టు!" హైమవతి కేకకి బయట కారిడార్లో బిళ్ల బంట్రోతు తలుపు తీసి చూశాడు. "ఆ పెళ్లికార్డు లాగు. లాగి అదీ ఇదీ రెండూ కడుపులో పెట్టుకు కూర్చో. రాజుగాణ్ణి పడెయ్."

"రెండు ఏడులు మనకెందుకమ్మా? రెండూ వేస్టే కదా?"

"మనకెందుకూ కాదురా, ఆయనకి కావాలి!"

"మాతాజీ," అన్నాడు మేజిస్ట్రేటు, "ఏమంటున్నారు? హిందీలో చెప్పండి."

హైమవతి చెప్పింది. "హుజూర్, ఈ బాబు ఆఠీను ఎనిమిది తీసుకున్నాడు. మూడు ఎనిమిదులు పోగేస్తున్నాడా అనుకుంటే కళావరు ఎనిమిది ఒదిలేశాడు, ఇస్పేటు ఎనిమిది తనే పారేశాడు. అంటే ఆఠీన్లలో వరస కడుతున్నాడు. తొమ్మిది చేతిలో ఉంటే మా వాడు పడేసిన పది మీద కన్నుండేది, అదేం ముట్టుకోలేదు. ఆరు పెట్టుకుని మధ్యలో ఏడు కోసం కూర్చున్నాడు. కొత్తగా ఆడేవాళ్లందరూ అంతే, మధ్యలో ఖాళీ పెట్టుకుని దేవుడి మీద భారం వేస్తారు. ఆఠీను ఏడులు ఉన్నవి రెండే. ఒకటి మా వాడి చేతిలో, ఒకటి కట్టమీద. రెండూ మేమే పట్టుకుంటే ఆయన కొంప మునిగినట్టే."

మేజిస్ట్రేటు ఎస్సైవైపు చూశాడు. "మీ ముక్కలు పెట్టండి."

ఎస్సై ముక్కలు గుండెకి దగ్గరగా లాక్కున్నాడు.

"పెట్టండి."

ఎస్సై పదమూడు ముక్కలూ బల్ల మీద పరిచాడు. ఆఠీను ఆరు. పక్కన కొంచెం ఖాళీ కూడా వదిలి, ఆఠీను ఎనిమిది.

పేష్కారు "వాహ్!" అన్నాడు, వెంటనే దగ్గుగా మార్చేశాడు. వెనక వరసలో అటెన్షన్‌లో ఉన్న వీరరాఘవులు గారు అలవాటుకొద్దీ ఈల వెయ్యబోయి, కోదండరామయ్య మోచేత్తో పొడిస్తే ఆగారు.

"మాతాజీ," అన్నాడు మేజిస్ట్రేటు, "ఎదుటివాడి చేతిలో ఏముందో మీకు అంత కచ్చితంగా ఎలా తెలిసింది?"

"తెలియదు హుజూర్," అంది హైమవతి. "భయం. ఎవరి చేతిలో ఏముందో, అది నా మీదకి ఏం తెస్తుందో అని ఎప్పుడూ భయమే నాకు. అందుకని పడ్డ ముక్కలన్నీ గుర్తుంటాయి."

"మొదటినుంచి ఏం పడ్డాయో చెప్పగలరా?"

హైమవతి చెప్పింది. కింద పడ్డ ముక్కలన్నీ వరసగా, ఎవరు పడేశారో, పడేసేముందు ఎవరు ఎంతసేపు తటపటాయించారో కూడా. పేష్కారు తిరగేసి సరిచూశాడు. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

తీర్పు అరగంటలో వచ్చింది. ముద్దాయిలు ఆడింది రమ్మీ. అది తెలివితో ఆడే ఆట. గుర్తు ముక్క ఎదురుగా కనబడుతూ ఉన్నా ఎస్సై గారికి ఏమీ లాభం కలగలేదు కాబట్టి అది మోసానికి పనికొచ్చేది కాదు. పాలకోసం క్యూలో నిలబడడం పందెం కిందికి రాదు, ఈ నగరంలో అది అందరికీ తప్పనిదే. అందరూ నిర్దోషులు. చాప, ముక్కలు, క్యాన్లు తిరిగి ఇచ్చెయ్యాలి. శుభలేఖ ముక్క మాత్రం సాక్ష్యం కింద కోర్టు ఫైల్లో ఉంటుంది.

బయటికొచ్చాక హైమవతి మొట్టమొదట చేసిన పని, సంచిలోంచి బీపీ మాత్ర తీసి తనే వేసుకోవడం. కోదండరామయ్య పక్కన నిలబడి ఆవకాయ సీసా పట్టుకున్నాడు.

"ఫిబ్రవరి ఒకటి," అన్నాడాయన.

"మధ్యలో ఎనిమిది రోజులుంది," అంది. ఆ ఎనిమిది రోజుల్లో ఇంకేమైనా జరక్కూడదని అప్పుడే మొదలైంది ఆవిడకి. స్కూలు కాలిపోవచ్చు. ప్రిన్సిపాలు మారిపోవచ్చు.

రాజగోపాల్ గారు చేతులు నలుపుకుంటూ వచ్చారు. "హైమవతి గారూ, వచ్చే నెల మీరట్‌లో ఒక క్లబ్బు కేసుంది..."

"మీరట్ రోడ్డు మీద బస్సులు బోల్తా పడతాయటండీ."

"రైల్లో వెళ్దాం."

"రైళ్లు మాత్రం?"

లక్ష్మీకుమారి ఎగిరొచ్చి చెయ్యి పట్టుకుంది. "వదినా, మీరింత ప్లేయరని ఏనాడైనా చెప్పారా! జూదం కేసులంటే ఇంత గొప్పవని నాకేం తెలుసు? మా తమ్ముడు విజయవాడలో క్లబ్బు సెక్రటరీ. హేము అడ్రసు ఇస్తాను వాడికి. కార్డు ఏదైనా ఉందా బాబూ?"

హేమసుందర్ జేబులు తడుముకున్నాడు. "సారీ ఆంటీ. నా కార్డ్స్ ఆర్నెల్లుగా మిస్సింగ్."

హైమవతి ఆకాశం కేసి చూసింది. "ఇంటికెళ్లాక పంపిస్తాలే వదినా," అంది చివరికి. "బియ్యం చెరుగుతుంటే ఎక్కడో కనబడ్డట్టు గుర్తు."

హేమసుందర్ తల్లివైపు చూశాడు. బస్సులో ఆవిడ చేతిలో సంచి తనే పుచ్చుకుని పక్కన నిలబడ్డాడు.

తీర్పు తర్వాత వచ్చిన ఆదివారం పేకకి మళ్లీ ఒక ముక్క తక్కువైంది. కొత్త పేక కొనుక్కోమంటే అయిదుగురూ ఒప్పుకోలేదు. అది అచ్చొచ్చిన పేకట. హైమవతి ఆలోచించింది. ముక్క ముట్టుకోకూడదు కానీ, ఏమీ గియ్యనంతవరకూ అది కాగితమే కదా? స్కూలువాళ్లు పంపిన కాగితం తాలూకు దళసరి కవరు తీసి, కొలత ప్రకారం కత్తిరించి, భర్త ముందుకి నెట్టింది.

"ఆఠీన్లు మీరు గియ్యండి. నేను ముట్టుకోకూడదు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, స్కేలు, ఎర్ర సిరా కలం పట్టుకుని, మిలటరీ శ్రద్ధతో గంటసేపు గీశాడు. గీసి, ఊది ఆరబెట్టి, చూపించాడు. హైమవతి దూరం నుంచే లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఏమండీ," అంది, "ఎనిమిది గీశారు."